వైరస్‌కు ప్రాణమున్నదా?

"మనుష్యులే ప్రయోగశాలలో ప్రాణమును పుట్టించిరట గదా, ఇక సృష్టికర్త ఎందుకు?" అని యౌవనస్థులు కొందరు అడుగుచుందురు. వారు చెప్పునది 2002లో అమెరికాలో జరిగిన సంగతి. ఎకార్డ్ విమ్మర్ గారు, ఆయన తోటివారు పోలియో వైరస్ జన్యుక్రమమును చూచి, దానిని రసాయనములతో కూర్చిరి. ఆ వైరస్ ఎలుకలకు పక్షవాతము తెచ్చెను.

అయితే వైరస్ ప్రాణియా? 1935లో వెండెల్ స్టాన్లీ గారు పొగాకు మొక్కలకు తెగులు తెచ్చు వైరస్‌ను స్ఫటికములుగా చేసిరి. సీసాలో అది తినదు, పెరుగదు, ఉప్పువలె పడియుండును. నీటిలో కలిపి ఆకుకు రుద్దగా మరల తెగులు పుట్టెను! దానికి సొంత వంటయిల్లు లేదు. కణములో దూరి, ఆ కణము పొయ్యిమీదనే వండించుకొనును. యాంటీబయాటిక్ మందులు చెరుపునది బాక్టీరియా సొంత గోడను, సొంత పొయ్యిని. అవి లేని జలుబు వైరస్‌ను ఆ బిళ్లలు ఏమి చేయును? (మందుల షాపులో ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి.)

విమ్మర్ గారి వైరస్ కూడ ఊరక పుట్టలేదు. మానవ కణముల నుండి తీసిన రసములోనే అది తయారాయెను. వంటయిల్లు అరువుదే.

అయినను, "వైరస్ ప్రాణి కాదు, మనమే గెలిచితిమి" అని పిల్లలతో వాదింపకుడి. విశ్వాసమును అటువంటి గీతమీద నిలుపుట నాకు ఇష్టము లేదు. 1992లో ఇంగ్లండులో దొరికిన ఒకదానిని, పెద్దది గనుక, బాక్టీరియా అనుకొనిరి. అది 900కు పైగా జన్యువులున్న వైరస్ అని తరువాత తేలెను. 2003లో మిమివైరస్ అను పేరుతో ప్రకటించిరి. గీత ఎక్కడ గీయవలెనో శాస్త్రజ్ఞులలోనే నేటికిని ఏకాభిప్రాయము లేదు.