పల్లెబడిలో ప్రపంచ పాఠము



కోనసీమ చుట్టును నీరే గనుక ఇచ్చటివారు కూపస్థ మండూకములని పరిహసించువారు కలరు. ఆ పరిహాసమునకు ఆధారము లేదు. ఎదుర్లంక రేవున నిలిచిన బాలునకు గౌతమి ఆవలి యొడ్డున కనబడు యానాం 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. దానిని దాటిన కోరంగి. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ తీరమున ఓడలెక్కిన కూలీలు మారిషస్ చేరిరి. అచ్చటి తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చెను. బర్మాలోను అంతియే. ఒక చిన్న రేవు పేరు రెండు దేశములలో ఒక జాతి పేరయ్యెను! మారిషస్ ప్రాథమిక పాఠశాలలలో వారి సంతతి నేటికిని తెలుగు చదువుకొనుచున్నది. కోనసీమ పిల్లవానికి మాత్రము మారిషస్ పటములో నొక చుక్క; పరీక్ష ముగియగనే అదియు చెరగిపోవును. ఇందు పిల్లవాని దోషము లేదు. చెప్పవలసిన ఉపాధ్యాయునకే ఈ కథ చెప్పినవారు లేరు.

పూర్వము రంగూను పోయినట్లు నేడు అమలాపురం, రాజోలు ప్రాంతములనుండి కువైట్, మస్కట్, దుబాయి పోవుచున్నారు. స్త్రీలును ఇంటిపనులకు పోవుచున్నారు. చదువరాని కాగితముపై వ్రేలిముద్ర వేసి పోయినవారి ఇక్కట్లు విననివారు ఈ సభలో అరుదు. పనివారిని విదేశములకు పంపు ఏజెంటు ప్రభుత్వమున నమోదు కావలెనని 1983 నాటి వలసల చట్టము విధించినది. పదవ తరగతి దాటనివారికి ఆ దేశములకు పోవుటకు వేరుగ అనుమతి కావలసియుండుటయు దాని వలననే. ఈ రెండు ముక్కలు భూగోళపు గంటలో చెప్పిన పాఠమునకు వచ్చు లోపమేమి?

ఇందుకు గొప్ప పరికరములు అక్కరలేదు. ఇచ్చట రాత్రి తొమ్మిది గంటలకు తల్లి ఫోను చేసిన, కువైట్‌లో ఆరున్నరయే యేల? భారత కాలమునకు మూలమైన 82½ డిగ్రీల రేఖాంశము కాకినాడ సమీపముననే పోవుచున్నది. కువైట్ కాలము 45 డిగ్రీలది. భేదము 37½, డిగ్రీకి 4 నిమిషముల చొప్పున 150 నిమిషములు. కరణముగారి కవిలెకట్టలో నైనను లెక్క ఇంత చక్కగా కుదురుట అరుదు! ఆ దేశమున ఏడాది పొడుగున పారు నది లేదనియు, సముద్రజలమునుండి ఉప్పు తీసి త్రాగుదురనియు విన్నచో, కాలువగట్టున పెరిగిన పిల్లలు ఊరక కూర్చుందురా? అడిగిన ప్రశ్న అడుగకుండ అడుగుదురు. అప్పుడు ఉపాధ్యాయుడు గ్రంథాలయము తలుపు తట్టక తప్పదు.

కావున గ్రంథాలయమువారు ముందు ఒక గ్లోబును, మంచి అట్లాసును తెప్పించి ఉపాధ్యాయులకు అందుబాటున నుంచవలెను. విదేశములనుండి తిరిగివచ్చినవారిని నెలకొకరిని బడికి పిలిపించి మాటలాడింపవలెను. గోడకొక ప్రపంచపటము తగిలించి, ఏ యింటివారు ఏ దేశమున నున్నారో పిల్లలచేతనే గుర్తులు పెట్టింపవలెను. మొదటి గుర్తు కోరంగి మీద పెట్టుట న్యాయము.