ట్రాక్టర్ తిరగబడకుండా, తిరగబడితే
(స్వర్ణోత్సవాల ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరువి కదా, ఏదైనా ఆధునిక సాంకేతికత గురించి మాట్లాడమని సంఘం వారు అడిగారు. ట్రాక్టర్ గురించి మాట్లాడతానన్నాను. కార్యదర్శి గారు కాసేపు ఏమీ అనలేదు. ఈ పందిట్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు కొందరున్నా, ఇంటి ముందు ట్రాక్టర్ ఉన్నవాళ్లే ఎక్కువ. మా పదో తరగతి ఫొటోలో రెండో వరుసలో ఉన్న ఒకడు దమ్ములో ట్రాక్టర్ కింద పడి పోయాడు. వాళ్లబ్బాయి ఈ సభలోనే ఉన్నాడు. అతన్ని అడిగే ఈ మాట చెబుతున్నాను.

ట్రాక్టర్ పక్కకు పడటం మీరందరూ చూసే ఉంటారు. ముందు చక్రాలు లేచి, వెనక్కి తిరగబడి డ్రైవరు మీద పడటం చూసినవాళ్లు తక్కువ. అందుకే అలా జరుగుతుందంటే నమ్మరు. దమ్ములో చక్రం దిగబడిందనుకోండి. మనవాళ్లు వెనక చక్రాలకు అడ్డంగా దుంగ కట్టి గేరు వేస్తారు. దుంగ నేలకు తన్నుకుని చక్రం తిరగదు. మరి ఇంజను బలం ఎటు పోవాలి? చక్రాన్ని తిప్పలేనప్పుడు ఇరుసు చుట్టూ ట్రాక్టర్‌నే పైకి తిప్పుతుంది. తొమ్మిదో తరగతిలో మనం బట్టీ పట్టిన న్యూటన్ మూడో సూత్రమే ఇది. ముందు చక్రాలు నేల వదిలాక ముప్పావు సెకను లోపు క్లచ్ తొక్కితే సరి, లేకపోతే ఆగదు. ఒకటిన్నర సెకనులో మొత్తం అయిపోతుంది. ఎంత చేయి తిరిగిన డ్రైవరైనా అంత వేగంగా కాలు కదపలేడు. మా స్నేహితుడు పదిహేనేళ్లుగా ట్రాక్టర్ నడుపుతున్నవాడే.

దుంగ కట్టొద్దు. చక్రాల వెనక మట్టి తవ్వి రివర్సు గేరులో తీయండి. రివర్సులో అదే బలం ముందు భాగాన్ని కిందికి అదుముతుంది. అలా రాకపోతే రెండో ట్రాక్టర్‌ను పిలవండి. కానీ గొలుసు లాగే ట్రాక్టర్ కింది డ్రాబార్‌కే కట్టాలి. టాప్ లింక్ దగ్గరో, ఇరుసు మీదో కట్టారంటే సాయానికి వచ్చినవాడి ట్రాక్టరే వెనక్కి లేస్తుంది.

ఇక గట్లు, వాలు. 2018లో పాత నల్గొండ జిల్లాలో మూడు నెలలు తిరక్కుండానే కూలీల ట్రాక్టర్లు రెండు కాలువల్లో పడ్డాయి. ఏప్రిల్‌లో పడమటి తండా దగ్గర, జూన్‌లో వలిగొండ మండలంలో. పోయినవాళ్లలో ఎక్కువమంది పొలం పనికి బయలుదేరిన ఆడవాళ్లే. ట్రక్కు సరుకు కోసం చేసింది, మనుషుల కోసం కాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాట్ల రోజుల్లో ఎవరూ వినరు, అయినా చెబుతున్నాను. కాలువ ఎంత లోతుందో, అంచుకు కనీసం అంత దూరంలో చక్రం ఉండాలి. పైనుంచి గట్టిగా కనిపించే గట్టు లోపల నాని ఉంటుంది. వాలు దిగేముందే చిన్న గేరు వేసుకోవాలి. డీజిల్ ఆదాకని న్యూట్రల్‌లో వదిలితే వెనక ట్రక్కు తోసుకొస్తుంది. నిటారు గట్టు ఎక్కాల్సి వస్తే రివర్సులో ఎక్కండి.

బ్రేకు పెడళ్లు రెండుంటాయి, కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. పొలంలో మలుపు కోసం విడదీస్తాం. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపే కొక్కెం వేయాలి. నేను చూసిన చాలా ట్రాక్టర్లకు ఆ కొక్కెం తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. వేగంలో ఒక్క పెడలే తొక్కితే బండి ఆ పక్కకు గిరుక్కున తిరిగి పడుతుంది.

పడిపోతే ఏం చేయాలి? స్టాప్ రాడ్ లాగి ఇంజను ఆపండి. డీజిల్ కారుతుంటుంది, బీడీలు దగ్గరకు రానివ్వొద్దు. కింద మనిషి ఉంటే, ముఖం బురదలో ఉందేమో చూసి ముందు ముక్కు, నోరు తేల్చండి. 108కి ఫోన్ చేయించండి. పదిమంది చేరి ‘హైలెస్సా’ అని ఎత్తబోవద్దు. అది దగ్గర దగ్గర రెండు టన్నుల బరువు. ఒకడి చేయి జారితే అంతా మళ్లీ అతని మీదే. బండి కదలకుండా దిమ్మెలు పెట్టి, నేల మెత్తగా ఉంటే అతని కింద మట్టి తవ్వి లాగండి. పొలంలో ఇదే త్వరగా అయ్యే పని.

మనిషి బయటపడ్డాక బండికి తొందరేమీ లేదు. క్రేను వచ్చేదాకా ఆగగలిగితే ఆగండి. లేదంటే ట్రక్కు, గొర్రు విప్పేసి, గొలుసును వెనక ఇరుసు గొట్టానికి కట్టండి. మడ్‌గార్డుకో, స్టీరింగుకో కాదు. వాలు మీదైతే ఎగువ వైపుకే లాగాలి. లేచిన బండి అవతలికి పడకుండా రెండో వైపు ఇంకో తాడు పట్టి ఉంచాలి. నైలాన్ తాడు వద్దు, సాగి తెగితే మెడలు తెగుతాయి. చూడ్డానికొచ్చిన జనాన్ని తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబెట్టండి.

నిలబడగానే సెల్ఫ్ కొట్టి చూడాలని చేయి లాగుతుంది. కొట్టొద్దు. పడి ఉన్నంతసేపూ ఆయిలు పిస్టన్ల మీదకు చేరుతుంది. ఆయిలు గాలిలా నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. డీజిల్ ఆపి, నాజిళ్లు విప్పి, ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పి ఆ ఆయిలు బయటికి పోనివ్వాలి. పాత బండ్లలో ఎయిర్ క్లీనరులోనూ ఆయిలుంటుంది. అది లోపలికి పోతే ఇంజను దాన్నే మండించుకుంటూ పరిగెడుతుంది, డీజిల్ కట్టేసినా ఆగదు.

స్వీడన్ దేశంలో 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం తప్పనిసరి చేశారు. డ్రైవరు వెనక నిలిచే ఇనుప కమాను అది, తోడుగా సీటు బెల్టు. తర్వాత అక్కడ ఈ చావులు బాగా తగ్గిపోయాయి. ఎండకు మనం వేయించే టాపు ఇది కాదు. వెల్డింగ్ షాపు పైపులు ఆ బరువుకు నలిగిపోతాయి. మీ బండి మోడల్‌కు పరీక్ష చేసిన చట్రం ఉందా అని డీలర్‌ను అడగండి. చట్రం లేని బండిలో మాత్రం బెల్టు పెట్టుకోవద్దు.

రేపు ఉదయం 7 గంటలకు మన ఆటస్థలంలో రెండు ట్రాక్టర్లు, గొలుసు, దిమ్మెలు సిద్ధంగా ఉంటాయి. ఏది ఎక్కడ కట్టాలో చేసి చూపిస్తాను. మీ డ్రైవర్లను పంపండి. సెలవుల్లో మీకు తెలియకుండా స్టీరింగ్ పట్టే తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని కూడా పంపండి. టిఫిన్ సంఘం వారిదే.