చమురు రాయితీ ఎవరి పద్దులో?

(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



మేము తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకం కంటే ముందు బాకీల జాబితా అడుగుతాము. ఇవ్వవలసిన బాకీ దాచి మిగులు చూపిన సంఘం లెక్క ఎంత చక్కగా కూడినా అది లెక్క కాదు. సర్కారు పద్దులకూ మేము ఇదే కొలత పెడతాము.

2008 జూలైలో ముడి చమురు ధర పీపా 140 డాలర్లు దాటింది. ఇక్కడ డీజిలు, కిరోసిను, వంటగ్యాసు ధరలు ఆ మేరకు పెంచలేదు. చమురు కంపెనీల నష్టంలో ఒక భాగానికి కేంద్రం నగదుకు బదులు బాండ్లు రాసి ఇచ్చింది. 2005-06 నుంచి 2009-10 వరకు అలా రాసినవి సుమారు 1 లక్షా 40 వేల కోట్ల రూపాయలు. నగదు కదలలేదు గనుక బడ్జెటు లోటులో అవి చేరలేదు. మన సంఘంలో దాణాను కొన్న ధర కంటే తక్కువకు అమ్మి, తేడాకు ప్రామిసరీ నోటు రాసి, నష్టం లేదని సర్వసభ్య సమావేశంలో చదివితే ఆడిటరు ఊరుకుంటాడా?

నోటుకు వడ్డీ ఉంటుంది కదా. చాలా ఏళ్లు ఏటా దాదాపు 10 వేల కోట్లు వడ్డీకే పోయాయి. అసలులో అధిక భాగం 2021 తర్వాతనే గడువుకు వచ్చింది. చివరి బాండ్ల గడువు 2025-26. ఆనాడు ఆ డీజిలు తాగిన లారీ ఎప్పుడో తుక్కయింది. అప్పటికి పలక పట్టని పిల్లవాడు నేడు సబ్బు బిళ్ల కొన్నా, చెప్పులు కొన్నా పన్ను కడుతున్నాడు.

మన పాల వ్యానుకూ ఆ చవక డీజిలే పోశాము కదా అంటారు. నిజమే. కాని పెద్ద కార్లకూ, సెల్ టవర్ల జనరేటర్లకూ అదే ధర. లీటరుకు ఇంత అని ఇచ్చే రాయితీ ఎక్కువ కాల్చిన వాడికే ఎక్కువ ముడుతుంది. 2012-13లో రావలసిన ధరకూ అమ్మిన ధరకూ తేడా 1 లక్షా 61 వేల కోట్లు. అందులో డీజిలు ఒక్కదానిదే దాదాపు 92 వేల కోట్లు. 2013 జనవరి నుంచి నెలకు అర్ధరూపాయి వంతున పెంచుతూ వచ్చి, 2014 అక్టోబరులో డీజిలు ధరపై అదుపు ఎత్తివేశారు. ఒక్కసారిగా నెత్తిన వేయకపోవడం మాకు నచ్చింది.

ఇంకొక మాట. ఈ బాండ్ల భారం వల్లనే పెట్రోలు, డీజిళ్లపై సుంకం తగ్గించలేమని 2021లో కేంద్రం చెప్పింది. 2021-22లో బాండ్లకు అసలూ వడ్డీ కలిపి సుమారు 20 వేల కోట్లు కట్టవలసి వచ్చింది. అదే ఏడు పెట్రోలియంపై కేంద్రానికి వచ్చిన ఎక్సైజు సుంకం 3 లక్షల కోట్లకు పైమాటే. ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూడండి.