మరణశాసనము: గృహస్థధర్మము

 

శుభమైన వార్షికసభలో మరణశాసనమును గూర్చిన ప్రసంగము తగునా యని కొందఱు శంకింపవచ్చును. ధనార్జనము గృహస్థధర్మమైనచో, దానిని కలహము లేకుండ సంతతి కప్పగించుటయు ధర్మమే యని మా మనవి.

దాక్షిణాత్యులకు విజ్ఞానేశ్వరుని మితాక్షర చిరకాలము ప్రమాణమైయుండెను. ఆ ధర్మమును కేతన తెనుగు పద్యములలో రచించెను. పైతృకధనమున పుత్రునకు పుట్టుకతోనే స్వత్వము గలదని ఆ శాస్త్రమతము. 1985 లో మన రాష్ట్రమున అవివాహితలైన కుమార్తెలకును, 2005 లో దేశమందంతటను కుమార్తెలకును ఆ స్వత్వమే లభించినది. అంతకు పూర్వమే చట్టబద్ధముగ పంచుకొనిన ఆస్తి దీనికి లోబడదు.

కావున తండ్రి వీలునామా వ్రాయదగినది తన స్వార్జితమునకును, ఉమ్మడియందలి తన భాగమునకును మాత్రమే. ఉమ్మడి పొలమంతయు కొడుకులకే యని వ్రాసినంతమాత్రమున ఆడబిడ్డ భాగము పోదు. వ్యాజ్యము మాత్రము వచ్చును. పసుపుకుంకుమల క్రింద ఏదో యిచ్చితిమి గదా యనుట న్యాయస్థానమున నిలువదు. మనస్సాక్షి యెదుటను నిలువదు.

1925 నాటి భారత వారసత్వ చట్టము ననుసరించి వీలునామా విధి సులభము. వ్రాయించువాడు స్వస్థచిత్తుడై చేవ్రాలుగాని వేలిముద్రగాని వేయవలెను. ఇద్దఱు సాక్షులు దానిని చూచి, అతని సమక్షముననే సంతకము చేయవలెను. ఆస్తి పొందువాడుగాని, వాని భార్యగాని, ఆమె భర్తగాని సాక్షి కాకుండుట మేలు. స్టాంపు కాగిత మక్కఱలేదు. రిజిస్ట్రేషను నిర్బంధము కాదు గాని, చేయించుట క్షేమము. బ్రతికియున్నంత వఱకు మార్చుకొనవచ్చును, కడపటిదే చెల్లును.

దానపత్ర మట్లు గాదు. రిజిస్ట్రేషనైన పిమ్మట ఆస్తి చేయి దాటును. ముసలితనమున దానిని వ్రాయువారు తమ పోషణ షరతును స్పష్టముగ వ్రాయించవలెను. షరతు తప్పినచో 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము క్రింద దానిని రద్దు చేయించుకొన వీలగును.

ఇక మన పుట్టపర్తి సీమకు ప్రత్యేకమైన మాట యొకటి. చిత్రావతి యెండియుండు ఈ నేలలో మన్నుకంటె నీరు విలువైనది. సర్వే నెంబరు, హద్దులు చక్కగ వ్రాసి, బోరు సంగతి మఱచినచో ఏమి ఫలము? అన్న చేనిలో నీరు, తమ్ముని చేనిలో ఎండిన వేరుసెనగ. ఆ వెనుక పదియేండ్లు కోర్టు. బోరునందు ఎవరి వంతెన్ని దినములో, మోటారు మరమ్మతు ఖర్చెవరిదో, పైపు ఎవరి చేను మీదుగ పోవలెనో, బోరు ఎండినచో క్రొత్తదాని వ్యయ మెట్లు పంచుకొనవలెనో వ్రాయుడు. ఊరి ప్రక్క యెకరము, కొండ క్రింది యెకరము సమానములు గావనియు గుర్తింపుడు.

భార్యకు బ్రతికినన్నాళ్లు నివసింప నొక గదియు, భుక్తికి కొంత ఆదాయమును మొదట వ్రాయుడు. బిడ్డల భాగములు పిదప.

మన సంఘము ఏటేట నొక దినము న్యాయవాదిని పిలిపించి, పేదకుటుంబములకు ఈ పత్రములు ఉచితముగ వ్రాయించిన, వసతిగృహము కట్టించినంత పుణ్యము. దాతలు దీనిని మనసున నుంచుకొందురుగాక యని ప్రార్థించి విరమించుచున్నాము.