కష్టకాలంలో విచారణ దండగేనా?

(మన యూనియన్ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యవర్గం ఒక తీర్మానం చేసిన సంగతి మీకు తెలుసు. మన ఊళ్ళో మూతబడ్డ ఒక మిల్లు కార్మికుల జీతంలోంచి కోసిన ప్రావిడెంట్ ఫండ్ డబ్బు ఎక్కడికి పోయింది? గ్రాట్యుటీ ఎందుకు అందలేదు? గేటుకు తాళం పడ్డ తర్వాత లోపలి యంత్రాలు ఎవరి సంతకంతో లారీలెక్కాయి? వీటిమీద బహిరంగ విచారణ జరిపించాలని మనం అడిగాం. ఆ కాగితం పట్టుకుని పోతే మాకు దొరికిన జవాబు ఒకటే: "ఖజానా ఖాళీగా ఉంది. ఇలాంటి రోజుల్లో జడ్జి, ఆఫీసు, వకీళ్ళు, గుమాస్తాలు అంటూ ఖర్చు పెట్టమంటారా?"

ఈ జవాబు మమ్మల్ని ఆశ్చర్యపరచలేదు. మమ్మల్ని ఆలోచనలో పడేసింది మన మనుషుల మాట. గేటు మీటింగులో, వైండింగులో ఇరవై ఏళ్ళు పనిచేసిన ఒక అక్క లేచి, "ఆ విచారణకయ్యే డబ్బేదో మాకే పంచమనండి తమ్ముడూ, నా పిల్ల ఫీజన్నా కడతా" అంది. చాలామంది చప్పట్లు కొట్టారు. అధికారికి జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు గాని, ఆ అక్కకు జవాబు చెప్పకుండా ఈ తీర్మానాన్ని ముందుకు తీసుకుపోయే హక్కు మాకు లేదు. అందుకే ఇవాళ ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ అక్క మాటలోని న్యాయాన్ని ఒప్పుకుందాం. విచారణ అంటే జనానికి వెగటు పుట్టడానికి కారణం ఉంది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చారు. పదిరోజులకే జస్టిస్ లిబర్హాన్ కమిషన్‌ను వేశారు. మూడు నెలల్లో నివేదిక ఇమ్మన్నారు. గడువు 48 సార్లు పొడిగించారు. నివేదిక చేతికొచ్చింది 2009 జూన్ 30న. అంటే పదహారున్నరేళ్ళు! ఖర్చు 8 కోట్ల రూపాయలు దాటింది. ఇలాంటివి చూసినవాడు "విచారణ అంటే కాలయాపన, కంటితుడుపు" అంటే మనం తప్పు పట్టలేం. ప్రభుత్వాలు చాలాసార్లు విచారణను వేసేది నిజం తేల్చడానికి కాదు, వేడి చల్లారడానికి. ఇది మనకు తెలిసిన సంగతే.

అయితే కథ ఇంతటితో అయిపోలేదు. కార్మికుల బతుకు మీద జరిగిన విచారణల చరిత్ర కూడా ఒకసారి చూద్దాం.

1929లో బ్రిటిష్ ప్రభుత్వం భారత కార్మికుల స్థితిగతుల మీద రాయల్ కమిషన్ వేసింది. దాని అధ్యక్షుడి పేరు మీద విట్లీ కమిషన్ అంటారు. అది ఎలాంటి కాలం? ఆ ఏడాది చివర్లోనే ప్రపంచమంతా ఆర్థికమాంద్యం మొదలైంది. ధరలు పడిపోయాయి, మిల్లుల్లో జీతాల కోతలు పెరిగాయి. ఇంతకంటే కష్టకాలం మన తాతల తరం చూడలేదు. అప్పుడు కూడా ఇదే చర్చ జరిగింది, అదీ మన సంఘాల లోపలే. ఆ ఏడాది మార్చిలో కార్మిక నాయకులను పట్టుకుపోయి మీరట్ కుట్ర కేసు పెట్టిన ప్రభుత్వమే ఇప్పుడు విచారణ అంటోంది, దీన్ని నమ్మడమేమిటని ఒక పక్షం వాదించింది. ఎవరు వేసినా సరే, మన గోడు రికార్డుకెక్కాలని రెండో పక్షం వాదించింది. నెహ్రూ అధ్యక్షతన నాగపూరులో జరిగిన ఏఐటీయూసీ మహాసభలో బహిష్కరణ పక్షం గెలిచింది. ఎన్.ఎం. జోషీ, వి.వి. గిరి మొదలైనవాళ్ళు బయటికొచ్చి వేరే ఫెడరేషన్ పెట్టుకున్నారు. ఒడిశాలోని బరంపురంలో పుట్టిన మన తెలుగువాడు, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడు, తర్వాత రాష్ట్రపతి అయిన గిరిగారే ఆయన.

ఆ రెండు పక్షాల్లో ఎవరిది తప్పు? ఇన్నేళ్ళకు వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆ కమిషన్‌లో జోషీ, చమన్‌లాల్ ఉన్నారు, మిల్లు యజమాని విక్టర్ ససూన్, బిర్లా కూడా ఉన్నారు. 1931లో నివేదిక వచ్చింది. వచ్చిన మర్నాడే ఎవరి జీతమూ పెరగలేదు. కాని ఆ కమిషన్ మిల్లుల లోపలి సంగతులను కాగితం మీద పెట్టింది. నెల గడిచాక కూడా వారాల తరబడి జీతం ఆపడం, నేతలో తప్పు పడితే ఆ బట్టనే నేతగాడి నెత్తిన రుద్ది దాని ఖరీదు జీతంలో కోసుకోవడం, పనిలో పెట్టుకోవాలన్నా తీసెయ్యాలన్నా జాబర్ చెయ్యి తడపడం, వడ్డీవ్యాపారి గేటు దగ్గర కాచుకుని కూర్చోవడం... అంతవరకు ఇవన్నీ మన ఇళ్ళల్లో గొణుక్కునే మాటలే. ఒకసారి రికార్డుకెక్కాక "అలాంటిదేం లేదండీ" అని యజమాని తప్పించుకోలేకపోయాడు.

దాని ఫలితం మెల్లగా వచ్చింది. 1934లో కొత్త ఫ్యాక్టరీ చట్టం ఏడాది పొడుగునా నడిచే కార్ఖానాల్లో వారానికి 60 గంటల పనిని 54కు తగ్గించింది. 1936లో జీతాల చెల్లింపు చట్టం వచ్చింది. వెయ్యిమందికి లోపున్న ఫ్యాక్టరీలో ఏడో తేదీకల్లా, అంతకు మించితే పదో తేదీకల్లా జీతం చేతిలో పెట్టాలంది. జరిమానా రూపాయికి అర్ధణా దాటకూడదంది. మన పెద్దవాళ్ళు "పదో తారీఖు" అని పండుగలా చెప్పుకున్న రోజు అలా పుట్టిందే. కార్మికులకు ఆరోగ్య బీమా ఉండాలన్న ఆలోచననూ ఆ కమిషన్ ముందుకు తెచ్చింది. దాని మీద 1944లో ఆచార్య అదార్కర్ నివేదిక ఇచ్చారు, 1948లో చట్టమైంది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోనూ ఢిల్లీలోనూ ఈఎస్‌ఐ మొదలైంది. మన జేబులోని ఈఎస్‌ఐ కార్డు వెనక ఇంత చరిత్ర ఉంది. ఆ కమిషన్‌కు ఖర్చు ఒక్కసారి అయింది. దాని ఫలం మూడు నాలుగు తరాలు తిన్నాయి.

అయితే ఇరవై ఏళ్ళు ఆగమని ఆ వైండింగు అక్కకు చెప్పగలమా? చెప్పలేం. అందుకే మరో ఉదాహరణ. 1937లో బొంబాయి రాష్ట్రంలో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. అంతకు ముందు కోతలతో, 1934 సమ్మెతో కార్మికులు నలిగిపోయి ఉన్నారు. అక్టోబరులో జైరాందాస్ దౌలత్‌రాం అధ్యక్షతన టెక్స్‌టైల్ కార్మిక విచారణ సంఘాన్ని వేశారు. ఆ సంఘం ఏం చేసిందో గమనించండి. అన్ని సంగతులూ తేలేదాకా కూర్చోలేదు. 1938 ఫిబ్రవరిలోనే మధ్యంతర నివేదిక ఇచ్చి జీతాలు పెంచమంది. ప్రభుత్వం ఒప్పుకుంది. పెంపు ముందు కార్మికుడి చేతికొచ్చింది, పూర్తి నివేదిక 1940లో వచ్చింది. ఆకలికి ముందు అన్నం, ఆ తర్వాత లెక్కలు. ఒక విచారణకు నాలుగు నెలలు, ఇంకొకదానికి పదహారున్నరేళ్ళు. రెండూ విచారణలే! కాబట్టి విచారణ దండగా కాదా అని గుడ్డిగా అడగడం సరికాదు. ఎలాంటి విచారణ, ఎవరి కాపలాలో, ఎంత గడువులో అని అడగాలి.

విచారణను ఆపేస్తే డబ్బు మిగులుతుందా? భోపాల్‌ను చూడండి. 1984 డిసెంబరు 2 రాత్రి తెల్లారేలోపు విషవాయువు వేలమందిని పొట్టన పెట్టుకుంది. కొద్దిరోజుల్లోనే మధ్యప్రదేశ్ ప్రభుత్వం జస్టిస్ ఎన్.కె. సింగ్ కమిషన్‌ను వేసింది. ఏడాది తిరిగేసరికి, నివేదిక రాకుండానే, దాన్ని ఎత్తేసింది. 2010లో కోర్టు తీర్పు వచ్చి దేశమంతా మండిపడ్డాక అదే భోపాల్ మీద మళ్ళీ కొత్త కమిషన్ వెయ్యాల్సొచ్చింది. పాతికేళ్ళలో ఎంతమంది సాక్షులు పోయారో, ఎన్ని కాగితాలు చెదలు పట్టాయో ఆలోచించండి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

మనం నేతగాళ్ళం. మన ముత్తాతలు కరీంనగర్, నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మగ్గం వదిలి ఇక్కడికి మిల్లు పనికొచ్చారు. పోగు తెగితే ఏం చెయ్యాలో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సాంచా ఆపాలి, తెగిన కొస వెతకాలి, ముడి వెయ్యాలి. "ఆపితే ఉత్పత్తి తగ్గుతుంది, ఇవాళ బీదరోజులు" అని నడిపించుకుంటూ పోతే తానంతా చెడుతుంది. కష్టకాలంలోనే పోగులు ఎక్కువ తెగుతాయి. ఆదాయం తగ్గగానే కొందరు యజమానులు ముందు మన ప్రావిడెంట్ ఫండ్ కట్టడం ఎగ్గొడతారు, యంత్రాల మరమ్మతు మానేస్తారు, పర్మినెంటు మనిషి చోట బదిలీ మనిషిని పెడతారు. ఖజానా నిండుగా ఉన్న రోజుల కంటే ఈ రోజుల్లోనే విచారణ అవసరం ఎక్కువ.

ఇక అక్క అడిగిన లెక్క. విచారణ ఖర్చు మనకే పంచితే తలా కొంత వస్తుంది, ఒక నెల గడుస్తుంది. మన జీతంలోంచి ఏళ్ళ తరబడి కోసిన సొమ్ము మాత్రం ఎవరు తిన్నారో తేలదు. అది భిక్ష కాదు, మన చెమట డబ్బు. మనల్ని చిల్లరతో సరిపెట్టి పెద్దమొత్తం మరచిపొమ్మనడం ఎవరికి లాభమో వేరే చెప్పాలా? పైగా ఇవాళ మనకు జరిగింది రేపు పక్క మిల్లులో జరగకుండా ఎవరు ఆపుతారు?

మేము మీకు లేనిపోని ఆశలు చూపించం. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద కమిషన్‌కు సమన్లు పంపే అధికారం, దస్తావేజులు తెప్పించే అధికారం ఉన్నాయి. మనం యజమాని తలుపు ఎంత కొట్టినా బయటికి రాని రిజిస్టర్లు ఆ సమన్లతో వస్తాయి. కమిషన్ ముందు చెప్పిన మాటను, అది అబద్ధపు సాక్ష్యమైతే తప్ప, మన మీద కేసుకు వాడుకోకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. కాని కమిషన్ సిఫారసు కోర్టు డిక్రీ కాదు. ప్రభుత్వం దాన్ని పాటించి తీరాలని లేదు. ఆరు నెలల్లోపు నివేదికను, తీసుకున్న చర్యల పత్రంతో సహా, సభ ముందు పెట్టాలి. ఆ రోజు అడిగే గొంతు లేకపోతే అది బుట్టదాఖలే. విట్లీ నివేదిక చట్టాలుగా మారడానికి అయిదేళ్ళు పట్టింది. మధ్యలో సంఘాలు నోరు మూసుకుని ఉంటే అది కూడా బీరువాలోనే ఉండిపోయేది.

అందువల్ల మన కోరికను ఇలా మార్చి పెడుతున్నాం.

ఒకటి: విచారించే అంశాలు మూడే: ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, యంత్రాల అమ్మకం. మొత్తం గడువు ఆరు నెలలు.

రెండు: ప్రావిడెంట్ ఫండ్ మీద మూడు నెలల్లో మధ్యంతర నివేదిక. ముందు డబ్బు, తర్వాత మిగతా కథ.

మూడు: సిట్టింగులు మన ఊళ్ళో, వారపు సెలవు రోజున జరగాలి. సాక్ష్యం చెప్పడానికి ఒకరోజు కూలి పోగొట్టుకునే స్థితి మనకు లేదు. మునిసిపల్ బడి గది చాలు, ఏసీ హాలు అక్కర్లేదు.

నాలుగు: మన సాక్ష్యం మన తెలుగులో చెప్పనివ్వాలి, దుబాసీని పెట్టాలి. రాని భాషలో జవాబు చెప్పబోయి తడబడితే దాన్ని అబద్ధమని రాసుకునే ప్రమాదం ఉంది.

అయిదు: నెలనెలా విచారణకైన ఖర్చు నోటీసు బోర్డు మీద పెట్టాలి. దండగ జరిగితే మొదట అరిచేది మనమే.

మన వంతు పని కూడా ఉంది. పాత జీతం చీటీలు, ప్రావిడెంట్ ఫండ్ స్లిప్పులు, ఈఎస్‌ఐ కార్డులు, గేటు పాసులు ట్రంకు పెట్టెలు వెతికి బయటికి తీయండి. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సు ఇవ్వండి. మస్టరులో మీ పేరు ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉందేమో చూసుకోండి. మన ఇంటిపేర్లను ఇక్కడి గుమాస్తాలు తోచినట్టు రాశారు. ఆ ఒక్క అక్షరం పట్టుకుని డబ్బు ఆపడానికి చూస్తారు. ఆడవాళ్ళ విషయంలో పుట్టింటి పేరు, అత్తింటి పేరు తేడా కూడా సరిచూడాలి. పోయినవాళ్ళ కుటుంబాలను మరచిపోకండి. ప్రతి ఆదివారం పొద్దున యూనియన్ ఆఫీసులో మేము కూర్చుంటాం. అందరివీ రాసుకుంటాం.

చివరగా ఆ అక్కకు ఒక మాట. అక్కా, నీ పిల్ల ఫీజు నువ్వు ఇంకొకరిని అడుక్కోనక్కర్లేదు. ఇరవై ఏళ్ళు వైండింగు మీద నిలబడి నువ్వు కట్టుకున్న సొమ్ము అందులో ఉంది. ఆ సొమ్ము ఎక్కడుందో చెప్పమని అడగడమే ఈ విచారణ. దాన్ని మధ్యలో వదలం, ఏళ్ళ తరబడి సాగనివ్వం. నువ్వు మొదటి సాక్షిగా రా. నీ పక్కన మేమంతా నిలబడతాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!