పిట్టలు నాటిన తోట

(అరకు లోయలో గుడారాల బస నడుపుతున్న ఒక గిరిజన మహిళ, కొత్తగా చదువు నేర్చిన అక్కచెల్లెళ్ల సమావేశంలో చెప్పిన మాటలు.)

 

నేను ఉపన్యాసాలు ఇచ్చేదాన్ని కాదు. మైకు ముందు నిలబడితే కాళ్లు వణుకుతాయి. మీలాగే నేనూ పిల్లలు పుట్టాక పలక పట్టాను. ముందు నా పేరు రాశాను. తరవాత బస్సు బోర్డు చదివాను. ఆ తరవాత ఒక కాయితం చదివాను. ఆ కాయితం చదవబట్టే మా మెట్ట మాకు మిగిలింది. ఆ సంగతే ఇవాళ చెబుతాను.

మాది అరకు దగ్గర ఒక కొండ ఊరు. మాకు ఎకరంన్నర మెట్ట ఉంది. పక్కనే గెడ్డ. గెడ్డకి పైన చిన్న ఊట. మా అత్త కాపురానికి వచ్చిన కాలంలో ఆ మెట్ట నిండా చెట్లేనట. పనస, నేరేడు, ఇప్ప, ఉసిరి, కరక, జీలుగు ఉండేవట. గెడ్డ ఒడ్డున మేడి ఉండేదట. చెట్లకి అడ్డతీగలు అల్లుకుని ఉండేవట. ఆకలేస్తే పిల్లలు ఇంటికి వచ్చేవారు కాదట. చెట్టు కిందికి పోయేవారట.

తరవాత ఒక్కొక్కటే పోయాయి. కొన్ని కలపకి పోయాయి. కొన్ని పొయ్యిలోకి పోయాయి. వాటి చోట జామాయిల్ వేశాం. కాఫీకి నీడ కావాలని సిల్వర్ ఓక్ వేశాం. ఈ రెండు చెట్లూ మన నేలవి కావు. రెండూ ఆస్ట్రేలియా నుంచి వచ్చినవి. తొందరగా పెరుగుతాయి. నిటారుగా పెరుగుతాయి. నేను వాటిని తిట్టను. సిల్వర్ ఓక్ మీద మిరియం తీగ పాకిస్తే నాలుగు డబ్బులు వస్తాయి. కానీ వాటికి పిట్ట తినే పండు కాయదు. పూసినప్పుడు తేనె తాగే పిట్టలు వస్తాయేమో. పండు తినే పిట్టలు మాత్రం రావు. ఉడుతకి మేత లేదు. మానుపిల్లికి మేత లేదు.

2018 చలికాలంలో మా మెట్ట మీద నాలుగు గుడారాలు వేశాం. మీకు తెలుసు కదా, చలికాలం వస్తే అరకుకి జనం ఎలా వస్తారో! మంచు చూడాలని వస్తారు. మా ఆయన గుడారాలు చూసుకుంటాడు. నేనూ మా తోటికోడలూ వంట చూసుకుంటాం. బొంగు చికెన్ చేస్తాం. రాగి జావ పెడతాం. మొదటి ఏడు డబ్బులు బాగానే వచ్చాయి. మరుసటి ఏడు నాలుగు గుడారాలు పది అయ్యాయి. కార్లు నిలపడానికి చోటు కావాలన్నారు. ఉన్న పొదలన్నీ కొట్టేశాం. నేలంతా చదును చేశాం. అప్పుడది మాకు బాగానే కనిపించింది.

ఒక రోజు పట్నం నుంచి వచ్చిన చిన్న పిల్ల పొద్దున్నే లేచింది. గుడారం ముందు నిలబడి చెవి పెట్టి విన్నది. నా దగ్గరికి వచ్చి, "ఆంటీ, అడవి అన్నారు కదా! పిట్టలేవి?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. అప్పుడు నేనూ విన్నాను. నిజమే. ఒక కాకి అరుస్తోంది. అంతే.

ఆ వేసవికే ఊట ఎండిపోయింది. కార్లు తిరిగి తిరిగి నేల రాయిలా అయింది. వాన పడితే నీరు ఇంకడం లేదు. జర్రున గెడ్డలోకి జారిపోతోంది. పైమట్టి కూడా దానితోనే పోతోంది. నేను కిలోమీటరు నడిచి నీళ్లు తెచ్చేదాన్ని. వచ్చిన వాళ్లకి స్నానానికి వేడినీళ్లు కావాలి. ఆ నీళ్లు మోసింది ఎవరు? మనమే. చెట్టు పోతే ముందు బరువు పడేది ఆడదాని నెత్తి మీదే.

ఇంతలో 2020 వచ్చింది. కరోనా వచ్చింది. గుడారాలు మూసేశాం. అప్పు మిగిలింది.

అప్పుడే కింద నుంచి ఒకాయన వచ్చాడు. మెత్తగా మాట్లాడాడు. "మీకెందుకమ్మా ఈ బాధ! ఈ చోటు నాకివ్వండి. నెలనెలా డబ్బిస్తాను. మీరు ఇక్కడే పని చేసుకోండి" అన్నాడు. స్టాంపు కాయితం తీశాడు. మా ఆయన అప్పుల్లో ఉన్నాడు. వేలు సిరాలో పెట్టబోయాడు. నేను ఆగమన్నాను. "చదివాక చూద్దాం" అన్నాను. ఆ వచ్చినాయన నవ్వాడు. "నువ్వు చదువుతావా?" అన్నాడు.

చదివాను. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. గంట పట్టింది. నోటితో చెప్పింది ఒకటి. కాయితంలో ఉన్నది ఒకటి. పదిహేనేళ్ల లీజు అని ఉంది. చెట్లు కొట్టుకునే హక్కు ఆయనకే అని ఉంది. ఊట నీరు కూడా ఆయనదే అని ఉంది.

అక్కలారా, ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకి అమ్మకూడదు. లీజుకి ఇవ్వకూడదు. తాకట్టు పెట్టకూడదు. 1959లో వచ్చిన నిబంధనను 1970లో ఇంకా గట్టి చేశారు. దాన్నే మనం 1/70 చట్టం అంటాం. అలాంటి కాయితం చట్టం ముందు చెల్లదు. ఆ మాట నేను చదువు కేంద్రంలోనే విన్నాను. ఆ మాటే ఆయనకి చెప్పాను. ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

భూమి మిగిలింది. అప్పూ మిగిలింది. ఆ రాత్రి మా ఆయన అన్నం తినలేదు. "ఇప్పుడేం చేస్తావు?" అని అడిగాడు. మా అత్త గోడకి ఆనుకుని కూర్చుంది. "చెట్లు పోయాక పిట్టలు పోయాయి. పిట్టలు పోయాక ఊట పోయింది. రేపు మనుషులూ రారు. మంచు చూడ్డానికి ఈ ఊరే రావాలా? వేరే ఊళ్లో మంచు లేదా?" అంది.

ఆ మాట నాకు తగిలింది. పొదుపు సంఘంలో అప్పు తీసుకున్నాను. పది గుడారాల్లో నాలుగు తీసేద్దామన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. "నాలుగు గుడారాలంటే చలికాలపు సంపాదనలో సగం పోయినట్టే" అన్నాడు. పది రోజులు మాట్లాడుకోలేదు. చివరికి, "ఒక్క ఏడు చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క ఏడు ఇంకా నడుస్తోంది.

2021 వానల్లో పని మొదలుపెట్టాం. ఏం చేశామో వరసగా చెబుతాను. మీకు పనికొస్తుంది.

మొదటి పని కంప తీయడం. పసుపు, గులాబీ రంగుల్లో చిన్న పూల గుత్తులు పూస్తుందే, అదే లాంటానా. అది కూడా పరాయి దేశపుదే. తెల్లదొరల కాలంలో అందానికని తెచ్చారు. ఇప్పుడు అడవుల్ని కమ్మేసింది. దాని కింద మరో మొక్క లేవదు. పైన నరికితే మళ్లీ పిలకలు వేస్తుంది. అందుకే మొదలు దగ్గర మట్టి తీయాలి. నేలకి కాస్త లోపల వేరు నరకాలి. మొక్కని తలకిందులుగా ఎండబెట్టాలి. గింజ పడకముందే ఈ పని చేయాలి. కంప తీశాక గెడ్డ ఒడ్డున ఏం బయటపడిందో తెలుసా? పాత మేడి చెట్టు! మా అత్త దాన్ని చూసి పలకరించింది. చుట్టం వచ్చినట్టే మాట్లాడింది.

రెండో పని నీరు నిలపడం. వాలుకి అడ్డంగా చిన్న కందకాలు తవ్వాం. ఆకు రాలితే ఊడ్చి కాల్చడం మానేశాం. కార్లు రోడ్డు పక్కనే ఆపమన్నాం. అక్కడి నుంచి సామాన్లు మేమే మోస్తాం.

మూడో పని విత్తనం. ఇక్కడ మేం ఒక తప్పు చేశాం. ఇప్ప గింజలు ఏరి డబ్బాలో దాచాం. తీరిక చూసుకుని చాన్నాళ్లకి నాటాం. ఒక్కటీ మొలవలేదు. ఇప్ప గింజ నూనె గింజ. దాస్తే చచ్చిపోతుంది. నేరేడు, పనస కూడా అంతే. పండు తిన్న వెంటనే గింజ నాటాలి. మరుసటి ఏడు అలాగే చేశాం. మొలిచాయి. వాటిలో కొన్ని మేకలు తిన్నాయి. ముళ్లకంప కట్టి మిగిలినవి కాపాడాం. మర్రికి మాత్రం విత్తనం అక్కర్లేదు. లావుపాటి కొమ్మ తెచ్చి వానల్లో పాతితే వేరు పడుతుంది.

సిల్వర్ ఓక్‌లు కొట్టలేదు. మిరియం తీగలు వాటి మీదే ఉన్నాయి. వాటి మధ్యన మన చెట్లు వేశాం. జామాయిల్ మాత్రం అడగాల్సిన వాళ్లని అడిగి, కొంచెం కొంచెంగా తీశాం. ఎండిన మాను ఒకటి ఉంటే దాన్ని అలాగే ఉంచాం. వడ్రంగి పిట్ట దానికి తొర్ర చేస్తుంది. ఆ పిట్ట వదిలేసిన తొర్రలో చిలక గుడ్లు పెడుతుంది. ఎండిన చెట్టు కూడా ఒక ఇల్లేనమ్మా.

ఇప్పుడు అసలు సంగతి వినండి. మేడి పళ్ల కోసం పిట్టలు వచ్చాయి. పిగిలిపిట్టలు వచ్చాయి. గోరింకలు వచ్చాయి. తిని, పక్క చెట్ల మీద వాలి, రెట్ట వేశాయి. ఆ రెట్టలో గింజలు ఉన్నాయి. మేం నాటని చోట జువ్వి మొలిచింది. రావి మొలిచింది. ఒక మూల జీలుగు మొలిచింది. దాన్ని మానుపిల్లి నాటి ఉంటుందని మా అత్త అంది. మానుపిల్లి జీలుగు పళ్లు తింటుంది. గింజ దాని పెంటలో బయటికి వస్తుంది. మేం వందల మొక్కలు నాటి, నీళ్లు పోసి అలిసిపోయాం. పిట్ట ఖర్చు లేకుండా నాటింది. మనం చేయవలసింది పిట్టకి వాలే చోటు ఇవ్వడమే.

వచ్చిన వాళ్లకీ కొన్ని కట్టుబాట్లు పెట్టాం. బోర్డు నేనే రాశాను. రెండు తప్పులు పోయాయి. మా అమ్మాయి దిద్దింది.

రాత్రి పది తరవాత పాటల పెట్టె లేదు. బయట లౌడ్ స్పీకర్లు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచే నిబంధన ఉంది. ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు లేవు. వాటిని 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. మేం అడ్డాకు విస్తరిలో పెడతాం. గుడారానికో నెగడు లేదు. అందరికీ కలిపి ఒకటే నెగడు. కొంతమంది అడవికోడి కావాలని, కుందేలు కావాలని అడుగుతారు. ఎంత డబ్బయినా ఇస్తామంటారు. అడవి జంతువుని చంపడం 1972 చట్టం ప్రకారం నేరం. "నాటుకోడి ఉంది, తింటే తినండి" అంటాను. కోపం వచ్చి వెళ్లిపోయిన వాళ్లూ ఉన్నారు. వెళ్లనీ.

అంతా బాగైపోయిందని చెప్పను. అప్పు ఇంకా కొంత ఉంది. మేం నాటిన నేరేడు పండడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఊట వేసవంతా ఉండడం లేదు. కానీ ముందు సంక్రాంతికే ఎండిపోయేది. ఈసారి శివరాత్రి దాటాక కూడా కుండ మునిగింది. ఆ నెల రోజులూ నా నెత్తి మీద బిందె లేదు. అది చిన్న సంగతా?

ఆరు గుడారాలే ఉన్నాయి. కానీ ఇప్పుడు చలికాలం పోయాక కూడా కొందరు వస్తున్నారు. పిట్టల్ని చూడ్డానికి వస్తున్నారు. మా అత్త వాళ్లని వెంటబెట్టుకుని తిరుగుతుంది. ఏ పిట్ట ఏ పండు తింటుందో చెబుతుంది. ఆమెకి అక్షరం రాదు. అయినా అడవిని చదవడం ఆమెకి వచ్చు. ఆమె చెబుతుంటే నేను నోటుబుక్కులో రాస్తున్నాను. ఆమె తరవాత ఆ మాటలు పోకూడదు కదా!

మీ ఇళ్లలోనూ ముసలమ్మలు ఉన్నారు. ఇవాళ ఇంటికి వెళ్లి వాళ్లని ఒక మాట అడగండి. "నీ చిన్నప్పుడు మన ఊళ్లో ఏ చెట్లు ఉండేవి? వాటి మీద ఏ పిట్టలు వాలేవి?" అని అడగండి. వాళ్లు చెప్పిన పేర్లు రాసుకోండి. అందులో ఒక చెట్టు గింజ వెతికి ఈ వానల్లో నాటండి. ఇంకో మాట. ఎవరు ఏ కాయితం తెచ్చినా చదవకుండా వేలు పెట్టకండి.

మా అత్త చిన్నప్పుడు మెట్ట మీద బెట్టుడుతలు ఉండేవట. పెద్ద తోకతో ఈ చెట్టు మీంచి ఆ చెట్టు మీదికి దూకేవట. అది నేల మీదికి దిగడం తక్కువ. కొమ్మకి కొమ్మ అందాలి. మా చెట్ల కొమ్మలు ఇంకా ఒకదానికొకటి అందలేదు. నోటుబుక్కులో దాని పేరు రాసి, పక్కన చోటు ఖాళీగా ఉంచాను. వచ్చిన రోజు తారీకు వేస్తాను.

సెలవు.