మాటకు మార్కు వేసే చెవి

మా మాస్టారు పాఠం చెప్పే తీరు గురించి ఈ వేదిక మీద చాలామంది మాట్లాడారు. నేను పాఠం తర్వాతి ఘట్టానికి, అంటే పరీక్షకు, వస్తాను. పరాయి భాషలో ఒకరు మాట్లాడుతుంటే విని మార్కు వేసేవారి చరిత్ర నేను చెప్పబోయేది.

ఇంగ్లీషును పరాయి భాషగా నేర్చుకున్నవారికి కేంబ్రిడ్జి 1913లో ప్రావీణ్య పరీక్ష మొదలుపెట్టింది. ఆ ఏడు ముగ్గురు కూర్చున్నారు, ముగ్గురూ తప్పారు. డిక్టేషన్, పైకి చదవడం, సంభాషణ అందులో మౌఖిక భాగం. ఒకే అభ్యర్థి మాట విని ఇద్దరు పరీక్షకులు ఒకే మార్కు వేస్తారా? ఈ అనుమానాన్ని అక్కడి అధికారి జె.ఓ. రోచ్ వదలకుండా పట్టుకుని, ప్రయోగాలు చేసి, 1945లో నివేదిక రాశాడు.

అసలు మలుపు అమెరికా విదేశాంగ శాఖలో వచ్చింది. ఏ ఉద్యోగికి ఏ భాష ఎంత వచ్చో 1950ల మొదట్లో ఆ ప్రభుత్వం దగ్గర సరైన లెక్క లేదు. ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ 0 నుంచి 5 దాకా ఒక స్కేలు కట్టింది. 5 అంటే ఆ భాషే మాతృభాషగా ఉన్న చదువుకున్నవారి స్థాయి. తీరా చూస్తే అధికారి వయసూ హోదా కూడా మార్కులోకి చొరబడుతున్నాయి. (రాయబారిగారికి ‘మీకు 2 మాత్రమే’ అని ఎవరు చెప్పగలరు?) 1958లో ఫ్రాంక్ రైస్, క్లాడియా వైల్డ్స్ చేతుల్లో విడిగా పరీక్షా విభాగం ఏర్పడింది. విన్నదాన్ని ఐదు అంశాలుగా విడదీసే పట్టిక వచ్చింది. తర్వాత వాటికి కట్టిన బరువులు చూడండి: మొత్తం 99లో వ్యాకరణానికి 36, పదసంపదకు 24, గ్రహింపుకు 23, ధారాళతకు 12. యాసకు 4! అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఇంగ్లీషు యాసకు నోరు తిప్పుకోలేక పిల్లలు పడే పాట్లు చూసినప్పుడల్లా నాకు ఈ 4 గుర్తొస్తుంది. ఇప్పటి ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ మౌఖిక భాగంలో ఉచ్చారణకు పావు వంతు బరువుంది, నిజమే. అక్కడా ముఖ్యంగా చూసేది మాట తేలిగ్గా అర్థమవుతోందా అన్నదే.

పట్టికలు వచ్చినా చెవులు ఒకటి కాలేదు. శిక్షణ ఇస్తే పరీక్షకుడు తన పద్ధతిలో తాను నిలకడగా ఉంటాడు. చేయి బిగించి వేసేవాడు మాత్రం చాలావరకు అలాగే వేస్తాడు. 1989లో మైకేల్ లినాకర్ ఇంకో దారి చూపాడు. పరీక్షకులందరినీ ఒకే అచ్చులో పోయాలన్న పట్టుదల మానేసి, ఎవరి కాఠిన్యం ఎంతో లెక్కగట్టి, ఆ మేరకు అభ్యర్థి మార్కును సవరించే గణిత నమూనా అది. కొందరు అభ్యర్థులనైనా ఒకరికంటే ఎక్కువమంది పరీక్షకులు వింటేనే ఆ లెక్క బాగా తేలుతుంది. అందుకు ఖర్చవుతుంది. అయినా నా దృష్టిలో ఈ రంగంలో నిజాయితీ గల ఆలోచన లినాకర్‌దే.

మరి మార్కు వేసే ఆ చెవి ఆ భాష మాతృభాషగా ఉన్నవారిదే కావాలా? ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష టోఫెల్‌ను నడిపే ఈటీఎస్ సంస్థ 2009లో ఒక అధ్యయనం ప్రచురించింది. భారతదేశానికి చెందిన పరీక్షకులకు అమెరికన్ పరీక్షకులకు ఇచ్చేలాంటి శిక్షణే ఇచ్చి, టోఫెల్ జవాబులు వినిపించారు. మనవాళ్ల మాటకైనా, ఇతర దేశాలవాళ్ల మాటకైనా వీళ్లు అమెరికన్లకు తీసిపోకుండా మార్కులు వేశారు.